మిల్‌టౌన్ మాల్బేలో కేలీ రాత్రి, ఒక దిక్కుమాలిన బస

ఐర్లండ్‌కి చుట్టాలొస్తే ఇక్కడి మనవాళ్ళు చేసే మొదటి పని, డబ్లిన్‌లో భోజనంతో కలిపి అమ్మే ఐరిష్ డాన్సు షోకి తీసుకెళ్ళడం. అమ్మ విజయనగరం నుంచి వచ్చినప్పుడు మేమూ అదే చేశాం. పెద్దవాళ్ళకి తలా 52 యూరోలు, పాపకి 30. శాకాహారం అని ముందే చెప్పి ఉంచితే ఉడకబెట్టిన క్యారెట్లూ బంగాళాదుంప ముద్దా పెట్టారు. స్టేజీ మీద అమ్మాయిలు చేతులు ఒంటికి అతికించుకుని కాళ్ళతో నేల అదరగొట్టారు. 1994 యూరోవిజన్ పాటల పోటీల విరామంలో రివర్‌డాన్స్ అనే ప్రదర్శన వచ్చిన దగ్గర్నుంచీ ప్రపంచానికి ఐరిష్ నాట్యమంటే ఇదే. చూడ్డానికి బాగానే ఉంది. బయటికొచ్చాక అమ్మ మాత్రం, "మనకోసం ఆడారు సరే, వీళ్ళకోసం వీళ్ళు ఎక్కడ ఆడుకుంటారే?" అంది.

జూలైలో క్లేర్ కౌంటీకి కారు తీసింది అందుకే. లిమరిక్ నుంచి ఎన్నిస్ మీదుగా మిల్‌టౌన్ మాల్బేకి గంటన్నర కూడా పట్టదు. చిన్న ఊరు. ఒక్కటే పెద్ద వీధి, దానికి రెండు పక్కలా పబ్బులు. ఇల్లిన్ పైప్స్ అనే ఐరిష్ బ్యాగ్‌పైపు వాయించిన విల్లీ క్లాన్సీ ఈ ఊరివాడే. స్కాట్లండ్ వాళ్ళ బ్యాగ్‌పైపులా దాన్ని నోటితో ఊదరు, మోచేతి కింద కొలిమితిత్తి పెట్టుకుని గాలి కొడతారు. ఆయన 1973 జనవరిలో పోతే, అదే ఏడు ఆయన పేరుమీద వేసవి సంగీత పాఠశాల మొదలెట్టారు. ఏటా జూలై మొదటి శనివారం మొదలై వారం పైన నడుస్తుంది. పొద్దున బళ్ళల్లో ఫిడేలు, ఫ్లూటు, కాన్సర్టీనా (రెండు చేతులమధ్య సాగదీస్తూ వాయించే చిన్న తిత్తి వాయిద్యం) పాఠాలు. సాయంత్రమైతే పబ్బుల్లో సెషన్లు, అంటే నలుగురూ బల్ల చుట్టూ చేరి కలిసి వాయించుకోవడం. హాళ్ళలో కేలీలు, అంటే బ్యాండు వాయిస్తుంటే అందరూ కలిసి ఆడే నాట్యాలు. వచ్చేవాళ్ళలో ఎక్కువమంది ఏదో ఒక వాయిద్యం చేతపట్టుకునే వస్తారు.

బస గురించి చెప్పకుండా ముందుకెళ్ళలేను. ఊరికి నాలుగు కిలోమీటర్ల దూరంలో ఒక బెడ్ అండ్ బ్రేక్‌ఫాస్ట్. ఏప్రిల్‌లోనే ఫోన్ చేసి, నలుగురికీ ఫ్యామిలీ రూము రాత్రికి 130 యూరోలని మాట్లాడుకుని, 60 అడ్వాన్సు పంపాం. తీరా వెళ్ళాక ఇంటావిడ, అది మామూలు రోజుల రేటు, పండగ వారంలో 180 అంది. రూములో మూడు మంచాలే ఉన్నాయి. నాలుగోది మడతమంచం, దాన్ని వేస్తే బాత్రూం తలుపు తెరుచుకోదు. వేరేచోట దొరుకుతుందేమోనని ఫోన్లు చేస్తే లహించ్ దాకా అన్నీ నిండిపోయాయి. మా ఆయనకి కోపమొస్తే మాటలు ఆగిపోతాయి. డబ్బు లెక్కపెట్టి బల్లమీద పెట్టి, రసీదు కావాలన్నాడు. ఆ సాయంత్రమంతా ఆయన నోటినుంచి వచ్చింది ఆ ఒక్క మాటే.

బ్రేక్‌ఫాస్టు తొమ్మిదింటితో సరి. ఊరంతా అర్ధరాత్రి దాటేదాకా మేలుకునే వారంలో ఇదేం నియమమో! తొమ్మిదీ పదికి దిగితే బల్లలు తుడిచేసి ఉన్నాయి. అమ్మ రూములోని కెటిల్‌లో నీళ్ళు కాచి, సంచిలోంచి అటుకులు తీసి నానబెట్టి, ఆవకాయ కలిపింది. హాయిగా తిన్నాం. గది ఖాళీ చేసేటప్పుడు ఇంటావిడ ముక్కు ఎగబీల్చి, "వాసన పోవడానికి శుభ్రం చేయించాలి, 25 యూరోలు" అంది. అప్పుడు విరిగింది మా ఆయన మౌనం. ఇవ్వలేదు లెండి. రసీదు ఇంకా ఆవిడ దగ్గరే బాకీ.

మొదటి రాత్రి పబ్బుకెళ్ళాం. ప్రవేశం ఉచితం, కూర్చోడానికి మాత్రం చోటు లేదు. వాయించేవాళ్ళు మూల బల్ల చుట్టూ ఒకరికొకరు ఎదురుగా కూర్చుంటారు, మనకి వాళ్ళ వీపులే కనిపిస్తాయి. కాగితాలుండవు, మైకుండదు. ఒకామె కాన్సర్టీనాతో ఎత్తుకుంటే ఇద్దరు ఫిడేళ్ళతో అందుకున్నారు, మేకతోలు బౌరాన్ మీద ఒకాయన చిన్న కర్రతో దరువందుకున్నాడు. ఎనిమిది తాళావర్తాల ముక్క రెండుసార్లు, దానికి జవాబుగా ఇంకో ఎనిమిది రెండుసార్లు. మొత్తం మూడు చుట్లయ్యాక ఎవరో కనుబొమ ఎగరేస్తారు, ఆపకుండానే మరో బాణీలోకి దూకేస్తారు. మా విజయనగరంలో ఫిడేలంటే ద్వారం వెంకటస్వామి నాయుడిగారే కదా, అమ్మ కళ్ళు ఆ కమాను మీదే. జిగ్ అనే రకం బాణీ మొదలెట్టగానే వేళ్ళమీద లెక్కేసి "తిశ్రం నడక" అని తేల్చేసింది. నాలుగు లెక్కన నడిచే రీల్ బాణీ వచ్చేసరికి వేళ్ళు మార్చింది.

సరిగ్గా ఊపందుకునేవేళకి కౌంటరు అబ్బాయి వచ్చి పాపని బయటికి తీసుకెళ్ళమన్నాడు. ఐర్లండ్ చట్టం ప్రకారం పిల్లలు, పెద్దవాళ్ళతో ఉన్నా సరే, రాత్రి తొమ్మిది తర్వాత బారులో ఉండకూడదు. మే నుంచి సెప్టెంబరు దాకా పది. అబ్బాయి మర్యాదగానే చెప్పాడు, అతని తప్పేం లేదు. కానీ మంచి సెషన్లు మొదలయ్యేదే తొమ్మిదిన్నరకి! పిల్లలతో వచ్చేవాళ్ళు ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. పాప ఏడుపు మొహం, ఆ గది గుర్తొచ్చి మా ఆయన అంతకన్నా ఏడుపు మొహం.

బయట నిలబడి ఉంటే ఫ్లూటు పెట్టె పట్టుకున్న ఒక పెద్దాయన, "పిల్లతో అయితే కేలీకి వెళ్ళండి, అక్కడ మందుండదు" అని హాలు దారి చూపించాడు. అలా మర్నాడు రాత్రి వెళ్ళాం. టికెట్టు 15 యూరోలు, పాపకి వద్దన్నారు. చెక్క నేల, గోడవార కుర్చీలు, స్టేజీ మీద పియానో, డ్రమ్సుతో సహా పదిమంది బ్యాండు. ఈ జిల్లాలో బ్యాండంటే కిల్‌ఫెనోరా కేలీ బ్యాండు పేరే ముందొస్తుంది, 1909 నుంచీ ఉంది. ఒకప్పుడు ఈ నాట్యాలు ఇళ్ళల్లో, వంటింటి రాతిపలకల మీద జరిగేవట. లైసెన్సు లేకుండా నాట్యాలు పెట్టకూడదని 1935లో చట్టం తెచ్చాక పోలీసులూ ఫాదరీలూ కలిసి ఇళ్ళల్లో నాట్యాల్ని అణిచారు. జనం హాళ్ళకి చేరారు, హాలు నిండా వినిపించాలి కాబట్టి బ్యాండ్లూ పెద్దవయ్యాయి.

నాలుగు జంటలు చతురస్రంగా నిలబడితే ఒక సెట్టు. మేం వెళ్ళేసరికి క్యాలెడోనియన్ సెట్టు నడుస్తోంది, ఇక్కడివాళ్ళకి అది ప్రాణం. డబ్లిన్‌లో చూసిన బిర్ర బిగిసిన చేతులు ఇక్కడ లేవు. చేతులు పట్టుకుంటారు, నడుం పట్టుకుంటారు, గిర్రున తిరుగుతారు. డెబ్భై దాటిన రైతులు బూటు మడమలతో నేలమీద ముక్తాయింపులు వేస్తున్నారు. విరామంలో ఒకాయన చెమటకి తడిసిన చొక్కా విప్పి, సంచిలోంచి ఇస్త్రీ చొక్కా తీసి తొడుక్కున్నాడు. అటూ ఇటూ చూస్తే చాలామంది సంచుల్లో రెండో చొక్కా!

ఒక సెట్టులో జంట తక్కువైతే ఒక ముసలాయన నేరుగా అమ్మ దగ్గరికొచ్చి చెయ్యి చాపాడు. అమ్మ నా వైపు చూసింది, కొంగు దోపుకుంది, వెళ్ళింది. నాకు దడే. పక్క జంటలు భుజాలు పట్టి తిప్పేస్తూ, "ఇటు, ఇటు" అంటూ ఒకరి చేతిలోంచి ఒకరికి అందించేశారు. కోలాటం వేసిన మనిషి కదా, సెట్టులో రెండో భాగానికల్లా (దాన్ని ఫిగర్ అంటారు) దారి పట్టేసింది. నేనూ పాపా మరో సెట్టులో కలిశాం. అమ్మ పిలిస్తే మా ఆయనా రాక తప్పలేదు. ఎడమకి తిరగమంటే కుడికి తిరిగి ఒకావిడ కాలు తొక్కాడు. ఆవిడ పకపకా నవ్వేసరికి రెండ్రోజుల చిరాకూ దిగిపోయింది. విరామంలో టీ, హామ్ శాండ్‌విచ్‌లు. శాకాహారులమని చెప్పగానే ఒకావిడ వంటగదిలోంచి వెన్న రాసిన స్కోన్లు తెచ్చిచ్చింది, డబ్బు పుచ్చుకోలేదు.

మోహర్ కొండచరియలు చూశాం, 214 మీటర్ల ఎత్తు, పొగమంచు, ఫొటోలు, అయిపోయింది.

మీరు వెళ్తే ఆ వారంలో మిల్‌టౌన్ చుట్టుపక్కల రూము కోసం పాకులాడకండి. తప్పదంటే రేటు, మంచాల లెక్క రాతపూర్వకంగా తీసుకోండి. ఎన్నిస్‌లో ఉండి వచ్చిపోవడం నయం. అక్కడ ఏడాది పొడుగునా సెషన్లుంటాయి, ఊరి అంచున కోయిస్ న హావ్న అనే సంగీత కేంద్రంలో కేలీలూ పెడతారు. రాత్రి టాక్సీలు నమ్ముకోవద్దు, కారు నడిపే ఒకరు మందు ముట్టకూడదు. మా ఇంట్లో ఆ ఒకరెవరో వేరే చెప్పక్కర్లేదు, ఆల్కహాల్ లేని గిన్నెస్‌కి 5.80 యూరోలు పెట్టినందుకు ఇప్పటికీ సణుగుతాడు. సెషన్‌లో ఖాళీ కనిపించింది కదా అని వాయించేవాళ్ళ బల్ల దగ్గర కూర్చోకండి, అడక్కుండా చప్పట్లతో తాళం వెయ్యకండి. కేలీకి మాత్రం రబ్బరు అడుగు బూట్లు వద్దు. నేలకి అతుక్కుపోయి తిరగనివ్వవు, మర్నాడు మోకాళ్ళు పట్టేస్తాయి. తోలు అడుగువైతే జారుతూ హాయిగా తిరుగుతాయి.