వాగ్దాన కార్డుల డబ్బా: కుంగినవాళ్లకు ఎంతవరకు పనికొస్తుంది?

డిసెంబరు వచ్చిందంటే తిరుపతి, చిత్తూరు క్రైస్తవ పుస్తకాల షాపుల్లో క్యాలెండర్ల పక్కన వాగ్దాన కార్డుల డబ్బాలు పేరుస్తారు. అరచేతిలో పట్టే అట్టపెట్టె, కార్డుకొక బైబిల్ వచనం. ఉద్యోగం పోయినవాళ్లకో, పరీక్ష తప్పిన పిల్లలకో, ఆపరేషనై మంచాన ఉన్నవాళ్లకో ఇద్దామని కొంటుంటారు. ఇవ్వొచ్చు. కానీ పక్కన బైబిల్ లేకుండా ఇస్తే సగం పనే.

లోపమంతా కత్తిరింపులో ఉంది. యిర్మీయా 29:11 లేని డబ్బా దొరకడం కష్టం. దేవుడికి మేలు చేసే ఉద్దేశాలున్నాయన్నంతవరకు కార్డు మీద ఉంటుంది. బబులోనులో డెబ్బై ఏళ్లు గడవాలన్న దాని ముందు వచనం మాత్రం ఉండదు. వచ్చే నెలకల్లా సర్దుకుంటుందని ఆ కార్డు పట్టుకున్న మనిషి, నెల తిరిగాక తన విశ్వాసమే చాలలేదనుకుని ఇంకా దిగాలుపడతాడు. ఫిలిప్పీయులకు 4:13 కూడా అంతే. సమస్తమూ చేయగలనని చెప్పే ముందు పౌలు ఆకలితో ఉండడమూ నేర్చుకున్నానంటాడు, అదీ సంకెళ్లలో ఉండి.

13వ కీర్తన, 88వ కీర్తన లాంటి మొరలు ఈ డబ్బాల్లో కనబడవు. 88 అయితే చీకటి మాటతోనే ముగుస్తుంది. ఏడుపు ఆగనివాళ్లకు ముందు అవే కావాలి. దేవుడితో ఇంత మాట అనొచ్చా అన్న బెరుకు పోతుంది.

వాడకానికొస్తే, పొద్దున ఒకే కార్డు తీయాలి. నచ్చలేదని లోపల పెట్టేసి ఇంకోటి తీయడం మొదలైతే చిలక జోస్యమే. రెఫరెన్సు చూసి బైబిల్ తెరిచి, పైన పది వచనాలు, కింద పది చదవాలి. ఎవరు, ఎవరితో, ఏ ఇబ్బందిలో ఉండి అన్నారో కార్డు వెనక ఒక్క వాక్యం పెన్సిల్‌తో రాయాలి. ప్రార్థన రెండు నిమిషాలు చాలు, కుంగిన మనిషికి అంతకు మించితే బరువే. జర్మనీలోని హెర్న్‌హూట్ ఊళ్లో మొరేవియన్లనే క్రైస్తవ సంఘంవాళ్లు 1731 నుంచి దినవచనాల పుస్తకం వేస్తున్నారు. అందులో పాత నిబంధన వచనాన్ని చీటీ తీసి ఎంచుతారు, దానికి తగిన కొత్త నిబంధన వచనాన్ని మాత్రం వెతికి జతచేస్తారు. మన డబ్బాల్లో ఆ జత ఉండదు, వెనక మనమే రాసుకోవాలి.

బైబిల్లో 1 రాజులు 19వ అధ్యాయం కార్డులో పట్టదు, ఇంటివాళ్లు చదవాల్సింది మాత్రం అదే. చచ్చిపోతే బాగుండునన్న ఏలీయా ప్రవక్తకు దేవదూత ప్రసంగం చెయ్యలేదు. తట్టి లేపి రొట్టె, నీళ్లు ఇచ్చాడు, పడుకోనిచ్చాడు, మళ్లీ లేపి తినమన్నాడు. నిద్రా తిండీ రెండు వారాలుగా దెబ్బతింటే తిరుపతి రుయా ప్రభుత్వ ఆసుపత్రిలో మానసిక వైద్యుల దగ్గరకు తీసుకెళ్లండి. చావు మాటలు వస్తే అన్ని రోజులు ఆగొద్దు, మనిషిని ఒంటరిగా వదలొద్దు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416కు ఏ వేళైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు.

కొనేముందు నాలుగు కార్డులు బయటికి తీసి చూడండి. అధ్యాయం, వచనం సంఖ్యలు లేనివి వద్దు. నున్నటి మెరుపు కార్డు మీద పెన్సిల్ పడదు, మెరుపు లేనిదే తీసుకోండి. పూల బొమ్మ మీద తెల్లక్షరాలు వేసినవి పెద్దవాళ్ల కళ్లకు ఆనవు.