హంపి, బాదామి క్లైంబింగ్ ప్యాకేజీకి డబ్బు కట్టే ముందు తాడు చూడండి

వైజాగ్‌లో క్లైంబింగ్ నేర్చుకోవాలనుకునేవాళ్లు ఇది చదివాకే డబ్బు కట్టండి. దసరా సెలవుల్లో నేనూ మా బాబాయిగారబ్బాయీ మనిషికి 9,500 కట్టి మూడు రోజుల ప్యాకేజీలో వెళ్లాం. ఎంవీపీ కాలనీలో కలిసిన ప్యాకేజీ నడిపేతను సామానంతా మాదే, బట్టలు సర్దుకుని రండి చాలన్నాడు. మన కొండల్లో ఎక్కువగా ఉండే ఖొండలైట్ అనే రాయి ఎండకీ వానకీ నాని చాలాచోట్ల పెళ్లలుగా ఊడొస్తుంది, గట్టి రాయి కోసమే అంత దూరం పోయాం.

హంపిలో తుంగభద్ర ఒడ్డున గ్రానైట్ గుండ్లు, ఎంత చూసినా తనివి తీరదు. అక్కడ తాడు లేకుండా తక్కువ ఎత్తులో ఎక్కుతారు కాబట్టి కింద మందపాటి క్రాష్ ప్యాడ్ పరవాలి. ఇతను తెచ్చినవి ఇంట్లో పడుకునే రెండు పాత పరుపులు! వాటి మధ్య సందులో పడి మావాడికి మడమ బెణికింది.

బాదామిలో అంతా ఎర్ర ఇసుకరాతి గోడలు, తాడు కట్టుకునే ఎక్కాలి. ముందురోజు రాత్రి వాన పడింది. ఇసుకరాయి తడిస్తే బలం తగ్గి, పట్టుకున్న అంచులే విరిగిపోతాయి, బాగా ఆరేదాకా ఆగాలి. అదే అడిగితే "ఎండొచ్చేసిందిగా అన్నా, ఏం కాదు" అన్నాడు. తాడు చేతిలోకి తీసుకుంటే బిర్రుగా ఉంది, చివర్న లేబుల్ లేదు, ఏ రకమని అడిగితే "మంచి తాడే" అంటాడు తప్ప వేరే జవాబు లేదు. ముందుగా ఎక్కేవాళ్లకి సాగే డైనమిక్ తాడు కావాలి, దాని మీద అలాంటి తాళ్ల ప్రమాణం నంబరు ఈఎన్ 892 అని ఉంటుంది. సాగని స్టాటిక్ తాడు కట్టుకుని జారిపడితే ఆ కుదుపంతా నడుముకీ, గోడలోని బోల్టుకీ తగులుతుంది. ఇక తాడు తగిలించే లోహపు కొక్కేలు, అదే కారబినర్లలో ఒకదాని మీద "నాట్ ఫర్ క్లైంబింగ్" అని చెక్కే ఉంది, తాళంచెవులకి తగిలించుకునే రకం! పక్కన పద్దెనిమిదేళ్ల పిల్లలు నడుముకీ తొడలకీ వేసుకునే పట్టీ, అదే హార్నెస్ కట్టుకుని నిలబడ్డారు. నాకు కాళ్లు వణికాయి. గట్టిగా అరిచి అందరినీ ఆపించాను.

డబ్బు వెనక్కి అడిగితే "మీరే ఎక్కనన్నారు కదా" అని ఫోన్ పెట్టేశాడు.

అడ్వాన్స్ వేసే ముందే తాడు చివరి లేబుల్ ఫోటో, కారబినర్ మీద అదెంత బలం తట్టుకుంటుందో చెప్పే కిలోన్యూటన్ల (kN) అంకె ఫోటో పంపమనండి. వాన పడితే ఏం చేస్తారో, డబ్బు ఎంత తిరిగిస్తారో మెసేజ్‌లో రాయించుకోండి. ఫోటో పంపడానికి నసిగితే ఆ ట్రిప్ వదిలేయండి. ఇప్పటికే కట్టేసినవాళ్లు రైలెక్కకముందే వెళ్లి సామాను మీ చేత్తో పట్టుకుని చూడండి.