రాగి వైర్ అని అల్యూమినియం అంటగట్టారు, చూసుకుని కొనండి

వరంగల్, హన్మకొండ వైపు ఎవరైనా టెస్లా కాయిల్ (హై వోల్టేజీతో గాల్లోకి మెరుపులు విసిరే కాయిల్) కోసం సన్న ఎనామిల్ వైర్, అంటే పైన వార్నిష్ లాంటి పూత ఉండే వైర్ కొనబోతుంటే ముందు ఇది చదవండి. షాపు పేరు రాయను.

అందులో సన్న వైర్‌తో చుట్టే పొడుగు కాయిల్‌ని సెకండరీ అంటారు, దాన్ని చేత్తో చుట్టడం నా వల్ల కాలేదు. వెయ్యి చుట్లు, ఒక్కటి పక్కదాని మీదికి ఎక్కినా అక్కడిదాకా విప్పాల్సిందే. అందుకని కాజీపేటలో మా ఇంటి వరండాలోనే పాత కారు వైపర్ మోటరుతో చుట్టే మిషన్ చేసుకున్నా. 110 మిల్లీమీటర్ల పీవీసీ పైపు, రెండు చివర్లా చెక్క బిళ్లలు, స్పీడ్ తగ్గించడానికి చిన్న కంట్రోలర్. పాత క్యాలిక్యులేటర్‌లో ఈక్వల్ బటన్‌కి రీడ్ స్విచ్ (అయస్కాంతం దగ్గరికొస్తే ఆన్ అయ్యేది) కలిపి, బిళ్లకి అయస్కాంతం ముక్క అతికించా. ఒకటి ప్లస్ ఒకటి కొట్టి వదిలేస్తే చుట్టుకో అంకె పెరుగుతుంది. అంతా బాగానే తిరిగింది, ముంచింది వైరే.

30 గేజ్ (గేజ్ అంటే తీగ మందం కొలత) అరకిలో రీల్ తెచ్చా, మిగతా షాపుల రేటులో సగం కన్నా కొంచెం ఎక్కువ. అరకిలోకి రీల్ అంత లావుగా ఉండటమేంటని అప్పుడే అనుమానం రావాల్సింది, సంబరంలో పట్టించుకోలేదు. గుడ్డ ముక్కతో వైర్ పట్టుకుని మెల్లగా వదులుతున్నా, వైర్ మీద లాగుడు కూడా పెద్దగా లేదు, టప్పున తెగింది. క్యాలిక్యులేటర్ మీద 612. సరే అతుకు వేద్దామని బ్లేడుతో కొస గీకితే పైన ఎర్రగా ఉన్నది కాస్తా పోయి లోపల తెల్లగా మెరిసింది. టంకం పట్టనే లేదు.

మీటర్ పెట్టా. రాగి అయితే 612 చుట్లకి 47 ఓమ్‌ల దగ్గర రావాలి, 71 చూపించింది. అల్యూమినియం తీగకి రాగి పూత.

తీసుకెళ్లి చూపిస్తే "అందరూ ఇదే తీసుకపోతున్నరు అన్నా, కట్ చేసినంక వాపస్ లేదు" అన్నాడు. బిల్లు మీద ఉత్త 'వైర్' అని ఉంది, తప్పు నాదే. మీరు మాత్రం రాగి అని, గేజ్ ఎంతో రాయించుకోండి, రాయనంటే బయటికొచ్చేయండి. కొనే ముందే కొస గీకి చూడండి, గీకనివ్వకపోతే అర్థమైపోయినట్టే.

హై ఫ్రీక్వెన్సీలో కరెంట్ పైపైనే పోతుంది కదా, పూత చాలదా అని ఒకరు అడిగారు. 300 కిలోహెర్ట్జ్ దగ్గర రాగిలో కరెంట్ పోయే ఆ లోతు 0.12 మిల్లీమీటర్లు, ఈ పూత అందులో పదో వంతు ఉంటే ఎక్కువ, అందుకే చాలదు.

బోరు మోటర్లు రీవైండింగ్ చేయించేవాళ్లు కూడా మేస్త్రిని అడిగి ఆ వైర్ కొస ఒకసారి గీకి చూడండి. నా పైపు మీద ఆ 612 చుట్లు అలాగే ఉన్నాయి, ఇంకా విప్పబుద్ధి కాలేదు.