ఏనుగు చెవి మష్రూమ్: మూడేళ్లు పెంచాక నా మాట

ఏనుగు చెవి మష్రూమ్ అంటే పుట్టగొడుగు కాదు, మెరైన్ ట్యాంకుల్లో పెంచే, పగడాల చుట్టమైన పళ్లెంలాంటి సముద్ర జీవి. మొదటి ఏడాది ఈ మష్రూమ్ గురించి ఎవరడిగినా కళ్లు మూసుకుని తెచ్చుకోండి అని చెప్పాను. ఆ మాటలో సగం ఇప్పుడు వెనక్కి తీసుకుంటున్నాను. ఇది చేపల్ని తింటుంది, చచ్చిపడిన వాటినే కాదు, హాయిగా తిరుగుతున్న వాటిని కూడా.

మాది కూకట్‌పల్లిలో ఫ్లాటు, హాల్లో నాలుగడుగుల మెరైన్ ట్యాంకు, అంటే ఉప్పునీటి చేపల తొట్టి. తెచ్చినప్పుడు అరచేయంత ఉన్నది ఇప్పుడు అన్నం పళ్లెమంత అయింది. ఒక మే నెలలో నీళ్లు చల్లబరిచే చిల్లర్ పాడై నీళ్లు రెండు రోజులు 31 డిగ్రీల దగ్గర ఉండిపోతే కాస్త ముడుచుకుని మళ్లీ విచ్చుకుంది, ఆ ఓర్పుని ఇప్పటికీ మెచ్చుకుంటాను. తిండి పెట్టక్కర్లేదని కూడా అప్పట్లో అందరికీ చెప్పాను. అది తప్పు, వెలుతురుతో బతుకుతుంది నిజమే కానీ దొరికితే వదలదు.

ముందు ఫైర్‌ఫిష్ అనే చిన్న చేప ఒకటి కనబడకుండా పోయింది. అవి దూకుతాయి కదా, పైన జాలీ ఉన్నా ఏ సందులోంచో దూకిందనుకుని సోఫా కింద, స్టాండు వెనకాల టార్చి వేసి వెతికాం. మష్రూమ్‌ని అనుమానించాలని తట్టనే లేదు.

తర్వాత ఒక జత ఒసెల్లారిస్ క్లౌన్లు, అంటే నారింజ మీద తెల్ల చారలుండే చేపలు, తెచ్చాను. అవి మామూలుగా కాపురముండే సముద్ర జీవి యానిమోన్ నా దగ్గర లేదు కాబట్టి వారం తిరక్కుండానే పోయి ఈ మష్రూమ్‌లో పడుకోవడం మొదలుపెట్టాయి. ఎంత సంబరపడ్డానో! వీడియోలు తీసి చుట్టాలందరికీ పంపాను. ఆరు నెలలు ఏమీ కాలేదు.

ఒక రాత్రి పదిన్నరకి, లైట్లు నీలానికి తగ్గాక, మా పాప పిలిచింది. "నాన్నా, పుట్టగొడుగు మూటైపోయింది, చూడు." వెళ్లి చూస్తే అంచు చుట్టూతా పైకి లేచి, బియ్యం సంచి మూతి తాడుతో బిగించినట్టు దగ్గరికొచ్చేసింది. పైన బొటనవేలు పట్టేంత కంత, అందులోంచి నారింజ రంగు, ఒక తెల్ల చార, కదులుతూ. పక్కన చర్మం ఎంత పల్చగా సాగిందంటే లోపల తోక తగిలినప్పుడల్లా చిన్న బుడిపెలా లేచేది. రెండో క్లౌన్ బయట చుట్టూ తిరుగుతోంది. సిరంజితో నీళ్లు చిమ్మితే ఇంకా బిగుసుకుంది. చివరికి చెయ్యి పెట్టి అంచుని మెల్లగా విడదీశాను, వేళ్లనిండా జిగురు, పావుగంట పట్టింది. చేప ప్రాణంతోనే బయటికొచ్చింది కానీ ఒక పక్క పొలుసులు లేవు, రెక్కలు అతుక్కుపోయాయి. మర్నాడు మధ్యాహ్నానికి పోయింది.

ఇది వేగంగా పట్టుకునే జీవి కాదు, మెల్లగా మూసుకుంటుంది. డామ్సెల్ లాంటి చురుకైన చిన్న చేప ఏదైనా ఆ లోపు తప్పించుకోవచ్చు. క్లౌన్ మాత్రం పారిపోదు, తన పడక కదులుతోందనే అనుకుంటుంది. తర్వాత చదివితే తెలిసింది, 1980లో డన్, హామ్నర్ అనే ఇద్దరు దీనికి ఆంప్లెక్సిడిస్కస్ అని పేరు పెట్టినప్పుడే, ఇలా చుట్టేసి తినే పద్ధతి గురించి కూడా రాశారట. ఇది నలభై ఏళ్లుగా తెలిసిన సంగతి, నాకు అమ్మినతను మాత్రం ఒక్క ముక్క చెప్పలేదు, ఆ కోపం ఇంకా తగ్గలేదు.

కొనేటప్పుడు అంచు దగ్గర చూడండి. చిన్న చిన్న బుడిపెలు ఆగిపోయి నున్నటి పట్టీ ఒకటి చుట్టూ ఉంటే అది ఇదే. రోడాక్టిస్ అనే ఇంకో రకం పెద్ద మష్రూమ్‌ని కూడా షాపుల్లో ఏనుగు చెవి అనే అంటారు, అవీ ఒక్కోసారి మూసుకుంటాయి కాబట్టి పళ్లెమంత పెరిగిన దేన్నీ నేను నమ్మను. డిస్కోసోమా అనే చిన్న రకం మష్రూమ్‌లు, ఎర్రవీ నీలివీ, నా దగ్గర అప్పట్నుంచీ ఉన్నాయి, ఒక్క చేప జోలికీ పోలేదు.

పారేయలేదు. మూడేళ్లు పెంచాను, మనసు రాలేదు. ట్యాంకు కింద నీళ్లు శుభ్రం చేసే తొట్టి, సంప్‌లో ఒక గదికి చిన్న లైటు పెట్టి అందులోకి మార్చాను, వారానికి ఒక రొయ్య ముక్క పెడుతున్నాను. మీ ట్యాంకులో అరచేయి మించిన టాంగ్ చేపలే ఉంటే బహుశా ఏ గొడవా ఉండదు, నా ట్యాంకులో అలాంటివి లేవు కాబట్టి గట్టిగా చెప్పలేను. గోబీల్లాంటి చిన్న చేపలు, యానిమోన్ లేని క్లౌన్లు ఉన్న ఇంటికి మాత్రం వద్దు.

మిగిలిన క్లౌన్ ఇప్పుడు రాత్రిళ్లు నీళ్లు కదిలించే వేవ్ మేకర్ వెనకాల మూలన పడుకుంటోంది. ఇంకోదాన్ని జత తెమ్మని పాప అడుగుతోంది, ఇంకా తేలేదు.