స్ట్రీట్ ఫైటర్ 6: రెండేళ్ళు, 1,100 గంటలు ఆడాక

మొదటి వారంలోనే ఈ ఫైటింగ్ వీడియో గేమ్‌ను తీసేద్దామనుకున్నాను. ఆన్‌లైన్‌లో వరసగా 14 మ్యాచ్‌లు ఓడిపోయాను. ఎందుకు ఓడిపోతున్నానో ఒక్కసారి కూడా అర్థం కాలేదు. నేను ఒక బటన్ నొక్కేలోపు అవతలివాడు నన్ను గాల్లోకి లేపేవాడు, కింద పడేసేవాడు, లేస్తుంటే మళ్ళీ కొట్టేవాడు. నాకంటే వాళ్ళ చేతులు వేగం అనుకున్నాను. ఇప్పుడు 1,100 గంటలు దాటాయి, ర్యూ అనే పాత్రతో డైమండ్ ర్యాంక్‌లో ఉన్నాను (సిల్వర్, గోల్డ్, ప్లాటినం, డైమండ్, మాస్టర్ అని ర్యాంక్‌లు పైకి పోతాయి). నా చేతుల వేగం అప్పుడెంతో ఇప్పుడూ దాదాపు అంతే. మారింది నా చూపు. తెరమీద ఏ క్షణంలో ఎక్కడ చూడాలో తెలియడానికే ఈ గంటల్లో ఎక్కువ భాగం పట్టింది. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకు అక్కడ కొంత సమయం కలిసొస్తుందని ఇది రాస్తున్నాను.

గేమ్ 2023 జూన్ 2న 18 పాత్రలతో వచ్చింది. ఆ తర్వాత ఏటా నలుగురు చొప్పున చేరుతున్నారు. ఒకరితో ఒకరు ఫైట్, రెండు రౌండ్లు ముందు గెలిచినవాళ్ళది మ్యాచ్. ఒంటరిగా ఆడుకునే వరల్డ్ టూర్ మోడ్ కూడా ఉంది. అందులో మన పాత్రను మనమే తయారు చేసుకుని ఊరంతా తిరుగుతూ మాస్టర్ల దగ్గర మూవ్‌లు నేర్చుకోవచ్చు. నేను 20 గంటలు ఆడి ఆపేశాను. సరదాగానే ఉంటుంది గాని, ఆన్‌లైన్‌లో మనిషితో ఆడటానికి అది పెద్దగా పనికిరాదు.

అందరూ మొదట అడిగేది కంట్రోల్స్ గురించి. క్లాసిక్‌లో ఆరు అటాక్ బటన్లు ఉంటాయి, హడోకెన్ (చేతుల్లోంచి వదిలే శక్తి గోళం) లాంటి స్పెషల్ మూవ్ వెయ్యాలంటే స్టిక్‌ను కింద నుంచి ముందుకు తిప్పి బటన్ నొక్కాలి. మోడర్న్‌లో ఒక దిక్కు, ఒక బటన్ చాలు. అంత సులువుగా వేసినందుకు ఆ స్పెషల్ డ్యామేజ్ 20 శాతం తగ్గుతుంది, కొన్ని మామూలు దెబ్బలు అసలు దొరకవు. మోడర్న్‌తో ఆడటం చిన్నతనమని కొందరంటారు. ఆ మాట పట్టించుకోకండి. నేను మూడు నెలలు మోడర్న్‌లోనే ఆడాను. చెయ్యి ఎలా తిప్పాలి అనే గొడవ లేకపోవడం వల్ల ఎంత దూరంలో నిలబడాలి, ఎప్పుడు బ్లాక్ చెయ్యాలి అన్న వాటిమీద మనసు పెట్టగలిగాను. తర్వాత క్లాసిక్‌కు మారాను. షోర్యూకెన్ (పైకి లేస్తూ కొట్టే పంచ్) వెయ్యడానికి ముందుకు, కిందికి, ఐమూలగా ముందు-కిందికి అని మూడు దిక్కులు తిప్పాలి. కుడివైపు నిలబడ్డప్పుడు కూడా అది తడబడకుండా రావడానికి నాకు మూడు వారాలు పట్టింది. ర్యూ దెబ్బలన్నీ నా చేతిలో ఉండాలన్న కోరికతో మారాను. మోడర్న్‌లోనే ఉండి మాస్టర్ ర్యాంక్‌కు చేరినవాళ్ళు చాలామందే ఉన్నారు.

పాత్ర విషయంలో మాత్రం నేను పెద్ద తప్పు చేశాను. మొదటి రెండు నెలల్లో నలుగురిని మార్చాను. ఓడినప్పుడల్లా పాత్ర బలహీనంగా ఉందనిపించేది. ఈ గేమ్‌లో ర్యాంక్ ఒక్కో పాత్రకు వేరువేరుగా ఉంటుంది. ప్రతిసారీ పది మ్యాచ్‌లు ఆడితే గాని మన స్థాయి ఏంటో తేల్చదు. ఆ లెక్కన నేను నలభై మ్యాచ్‌లు కేవలం పరీక్షలు రాయడానికే ఖర్చు చేశాను. చివరికి ర్యూ దగ్గర ఆగాను. దూరం నుంచి హడోకెన్, పైనుంచి దూకేవాళ్ళకు షోర్యూకెన్, దగ్గరికి వస్తే త్రో (పట్టుకుని విసరడం), అన్నీ సూటిగా ఉంటాయి. అతనితో నేర్చుకున్నది రేపు ఏ పాత్రకైనా పనికొస్తుంది. చేతులు కాళ్ళు సాగదీసి కొట్టే ధాల్సిమ్ అంటే నాకు చిన్నప్పటి నుంచీ ఇష్టం, 1991 నాటి స్ట్రీట్ ఫైటర్ 2 నుంచీ ఉన్న పాత్ర అది. కానీ అతని ఆట మిగతావాళ్ళ ఆటకు పూర్తిగా వేరు. మొదటి పాత్రగా ధాల్సిమ్‌ను తీసుకోమని నేను ఎవరికీ చెప్పను.

సామాను గురించి ఎక్కువ ఆలోచించక్కర్లేదు. మామూలు ప్యాడ్ చాలు, నేనిప్పటికీ దానితోనే ఆడుతున్నాను. డబ్బు, శ్రమ పెట్టాల్సింది నెట్ కేబుల్ మీద. ఈ గేమ్ ఆన్‌లైన్‌లో రోల్‌బ్యాక్ పద్ధతిలో నడుస్తుంది. అవతలి ఆటగాడు నొక్కిన బటన్ సమాచారం చేరేలోపు, అతను ఏం చేస్తాడో గేమ్ ఊహించి ముందుకు నడిపిస్తుంది. ఊహ తప్పితే కొన్ని ఫ్రేములు (తెరమీద ఒకదాని తర్వాత ఒకటి మారే బొమ్మలు) వెనక్కి వెళ్ళి సరిచేస్తుంది. కనెక్షన్ నిలకడగా ఉంటే ఇదంతా కంటికి కనబడదు, దూరదేశం వాళ్ళతో కూడా హాయిగా ఆడొచ్చు. వైఫైలో సిగ్నల్ ఒక్క క్షణం తడబడితే చాలు, ఎదురుగా ఉన్న మనిషి ఉన్నట్టుండి మన పక్కన ప్రత్యక్షమవుతాడు. నాలుగు నెలలు వైఫై మీద ఆడి, నా కళ్ళే మందగించాయని బాధపడ్డాను. కేబుల్ పెట్టిన రోజే దూకేవాళ్ళు దూకుతున్నట్టు కనిపించారు. మ్యాచ్ ఒప్పుకునే ముందు అవతలివాళ్ళది వైరా, వైఫైయా అన్నది గేమ్ చూపిస్తుంది. అది చూసి ఒప్పుకోవడం అలవాటు చేసుకోండి.

ఇక చూపు సంగతి. సిల్వర్‌లో నేను చాలాకాలం ఇరుక్కుపోయాను. ఆ రోజుల రీప్లేలు చూస్తే ఒకటే కథ: అవతలివాడు దూకుతాడు, నన్ను కొడతాడు, మళ్ళీ దూకుతాడు. ఒక మ్యాచ్‌లో 19 సార్లు దూకితే నేను రెండుసార్లే ఆపాను. దూకడం నెమ్మదైన పని. ఈ గేమ్ సెకనుకు 60 ఫ్రేముల్లో నడుస్తుంది, ఒక దూకు దాదాపు 40 ఫ్రేములకు పైనే పడుతుంది. అంటే అర సెకను కంటే ఎక్కువ సమయం నాకుంది. అయినా ఆపలేకపోయానంటే కారణం, ఆ అర సెకను నేను ర్యూను చూస్తున్నాను. నా కాంబో (ఆగకుండా పడే వరస దెబ్బలు) పడిందా, నా హడోకెన్ వెళ్ళిందా అని నా బొమ్మనే చూసుకుంటున్నాను. నా బొమ్మ ఏం చేస్తుందో నాకు ముందే తెలుసు, బటన్ నొక్కింది నేనే కదా! చూడాల్సింది ఎదుటివాడిని, అందులోనూ అతని తల పైన ఉన్న ఖాళీని.

దీనికోసం ట్రైనింగ్ మోడ్‌లో డమ్మీకి మూడు పనులు రికార్డ్ చేశాను: ఒకదాంట్లో ముందుకు దూకుతుంది, ఒకదాంట్లో అక్కడే కూర్చుంటుంది, ఒకదాంట్లో నడిచి వచ్చి త్రో వేస్తుంది. ఏది వస్తుందో తెలియకుండా కలగలిపి ఆడించమని పెట్టాను. దూకితే కూర్చుని హెవీ పంచ్, నడిచి వస్తే త్రో తప్పించడం, కూర్చుంటే ఏమీ చెయ్యకపోవడం. ఈ చివరిదే అన్నింటికన్నా కష్టం. ఏమీ చెయ్యకుండా ఆగడం చేతకాక మొదటి రోజుల్లో గాల్లోకి పంచ్‌లు విసిరేవాణ్ణి. రోజుకు పదిహేను నిమిషాలు, నెల రోజులు చేశాను. ఆ నెల చివర్లో గోల్డ్‌లో అడుగుపెట్టాను. కొత్త కాంబో ఒక్కటి కూడా నేర్చుకోలేదు.

కాంబోల మాట వచ్చింది గనుక చెబుతున్నాను, ప్లాటినం దాకా రెండు చాలు. ఒకటి దగ్గరి నుంచి, ఒకటి అవతలివాడి పెద్ద దెబ్బ బ్లాక్ చేశాక వెయ్యడానికి. ఇరవై దెబ్బల కాంబోలు చూసి మురిసిపోయి వాటి మీద వారాలు పెట్టేవాళ్ళను చూశాను. మ్యాచ్‌లో వాటిని వేసే అవకాశం వాళ్ళకు రావట్లేదు, పాపం.

ఈ గేమ్‌కు గుండెకాయ డ్రైవ్ గేజ్. హెల్త్ కింద ఆరు గడుల పచ్చ పట్టీ అది, రౌండ్ మొదట్లోనే నిండుగా ఉంటుంది. డ్రైవ్ ఇంపాక్ట్ అనే పెద్ద దెబ్బకు ఒక గడి, ఓవర్‌డ్రైవ్ స్పెషల్‌కు, అంటే బలం పెంచిన స్పెషల్ మూవ్‌కు రెండు, దెబ్బ మధ్యలోంచి డ్రైవ్ రష్‌తో దూసుకెళ్ళడానికి మూడు ఖర్చవుతాయి. దెబ్బలు బ్లాక్ చేస్తున్నా కొంత కరుగుతుంది. మొత్తం ఖాళీ అయితే బర్న్‌అవుట్. అప్పుడు డ్రైవ్ మూవ్‌లేవీ పనిచెయ్యవు, స్పెషల్ మూవ్‌ను బ్లాక్ చేసినా హెల్త్ తరుగుతుంది, బ్లాక్‌లో మరో 4 ఫ్రేములు ఎక్కువ బిగుసుకుపోతాం. మూలలో ఆ స్థితిలో డ్రైవ్ ఇంపాక్ట్‌ను బ్లాక్ చేస్తే కళ్ళు తిరిగి నిలబడిపోతాం, రౌండ్ దాదాపు పోయినట్టే.

గోల్డ్‌లో నేను ఓడిన 20 మ్యాచ్‌ల రీప్లేలు కాగితం పెట్టుకుని చూశాను. 13 మ్యాచ్‌లలో ముందు బర్న్‌అవుట్ అయింది నేనే. ఒక్కోసారి రౌండ్ మొదలైన పదిహేను సెకన్లకే. గేజ్ ఉంది కదా అని ఖర్చు పెట్టేశాను. అప్పటినుంచి ఒక లెక్క పెట్టుకున్నాను: రెండు గడులు మిగిలినప్పుడు ఏ డ్రైవ్ మూవ్ వెయ్యకుండా ముందుకు నడవడమే. ముందుకు నడుస్తుంటే గేజ్ త్వరగా నిండుతుంది. దీనివల్ల కూడా చూపు మారింది. ఇప్పుడు ప్రతి కొట్లాట ఆగిన చోట నా కన్ను రెండు గేజ్‌ల మీదికి పోతుంది. అవతలివాడి దగ్గర ఒక్క గడే ఉంటే అతను బర్న్‌అవుట్‌కు ఎంత దగ్గరలో ఉన్నాడో నాకు తెలుసు.

డ్రైవ్ ఇంపాక్ట్ కొత్తవాళ్ళను బాగా ఏడిపిస్తుంది, నన్నూ ఏడిపించింది. రంగులు చిమ్ముతూ వచ్చే ఆ పెద్ద దెబ్బ మన రెండు దెబ్బల వరకూ తట్టుకుని మరీ తగులుతుంది. కానీ అది రావడానికి 26 ఫ్రేములు పడుతుంది, అర సెకనుకు కొంచెం తక్కువ. చూసి మనమూ డ్రైవ్ ఇంపాక్ట్ వేస్తే, వెనక వేసినవాళ్ళదే గెలుస్తుంది. దీన్ని కూడా ట్రైనింగ్‌లో రికార్డ్ చేసి అలవాటు చేసుకున్నాను. ఖాళీగా కూర్చుని ఆపడం సులువు. మన దెబ్బలు మనం వేస్తున్న మధ్యలో ఆపడమే అసలు పని, అందుకే డమ్మీని కొడుతూ కొడుతూ సాధన చెయ్యండి. మన చూపు అప్పుడే మళ్ళీ మన బొమ్మ మీదికి జారిపోతుంది.

బ్లాక్ చేశాక ఎవరి వంతు అన్నది తెలియడానికి ఫ్రేమ్ మీటర్ ఉంది. ట్రైనింగ్‌లోనూ, రీప్లేలోనూ తెర కింద రంగు గడుల్లో ఎవరు ఎన్ని ఫ్రేములు ముందున్నారో చూపిస్తుంది. ఇంత మంచి సదుపాయం కొత్తవాళ్ళకు ఇచ్చినందుకు ఈ గేమ్‌ను ఎంత మెచ్చుకున్నా తక్కువే. ఈ గేమ్‌లో అన్నింటికన్నా వేగమైన మామూలు దెబ్బకు 4 ఫ్రేములు, త్రోకు 5 పడతాయి. ఈ రెండు అంకెలు గుర్తుంటే, ఇంతకాలం "నేను నొక్కాను, రాలేదు" అనుకున్న సగం సందర్భాలు అర్థమైపోతాయి. అది నా వంతు కానే కాదు, మరి.

నచ్చనివీ ఉన్నాయి. మూలలో పడితే చాలా పాత్రలు ఒక త్రో తర్వాత వెంటనే మరో త్రో బెదిరింపు పెట్టగలవు. అక్కడ ఊహ తప్పితే మళ్ళీ అదే. ఎంత చూపు ఉన్నా అక్కడ పందెం వెయ్యక తప్పదు, అది నాకు ఇప్పటికీ అన్యాయంగానే అనిపిస్తుంది. కొత్త పాత్రలను విడిగా కొనాలి. కొనకపోతే ఆ పాత్రను ట్రైనింగ్‌లో ఎదురుగా పెట్టుకుని సాధన చెయ్యడం కుదరదు. కొద్దిసేపు అద్దెకు తీసుకునే టికెట్లు ఉన్నాయి గాని, ఒక పాత్రతో ఎలా తలపడాలో నేర్చుకోవడానికి ఆ సమయం చాలదు. ర్యాంక్ పాయింట్ల కోసం ఆడే ర్యాంక్డ్ మ్యాచ్‌లలో రెండు గెలిచేదాకా మళ్ళీ ఆడే వీలుంది, అయినా ఒకటి గెలవగానే వెళ్ళిపోయేవాళ్ళు తగులుతుంటారు. నేను మాత్రం ఓడినా గెలిచినా రెండోది ఆడతాను. మొదటి మ్యాచ్‌లో అతని అలవాట్లు చూస్తాం, వాటికి జవాబు చెప్పేది రెండోదాంట్లోనే కదా.

ర్యాంక్డ్ టెన్షన్ నిజం. పాయింట్లు పోతుంటే చేతులు చల్లబడేవి, ఇంకొక్కటి గెలిచి ఆపుదామని అర్ధరాత్రి దాకా ఆడి ఇంకా కిందికి పోయిన రోజులున్నాయి. ఇప్పుడు వరసగా మూడు ఓడితే ర్యాంక్డ్ ఆపేస్తాను. వాటిలో ఒక్క రీప్లే చూస్తాను, అవతలివాడి వైపు నుంచి. నేను అతనికి ఎలా కనబడ్డానో చూస్తే, నా అలవాట్లు సిగ్గుపడేంత స్పష్టంగా బయటపడతాయి: లేవగానే ప్రతిసారీ లైట్ పంచ్, హడోకెన్ రెండు వేశాక మూడోదానికి బదులు దూకు. అందులో ఒక్కటి రాసుకుని, మర్నాడు ఆ ఒక్కదాని మీదే ఆడతాను. ఆ రోజు గెలుపోటములు లెక్కపెట్టను.

మాస్టర్‌కు 25,000 పాయింట్లు కావాలి. ఒకసారి చేరితే ఆ పాత్రతో మళ్ళీ కిందికి పడం. నేను ఇంకా కొన్ని వేల దూరంలో ఉన్నాను. ఈ నెల నా ట్రైనింగ్ స్లాట్లలో ఒకటే పాఠం ఉంది: అవతలివాడి కాలు నాకు తగలకుండా గాల్లో ఆగిన క్షణంలో, ఆ కాలు వెనక్కి పోయేలోపు కొట్టడం. నిన్న పది సార్లకు నాలుగు సార్లు తగిలింది.