సైకిల్‌కీ పరుగుకీ ఒకే పట్టీ: పోలార్ హెచ్10

బరంపురం నుంచి గోపాలపూర్ దాకా సైకిల్ తొక్కి, మర్నాడు అంతే ఆయాసంతో పరుగు పెట్టి చూడండి. సైకిల్ మీద నిమిషానికి 138 కొట్టుకుంటూ నిలిచిన గుండె పరుగులో 147 చూపించవచ్చు. ఛాతీకి కట్టుకుని గుండె వేగం కొలిచే ఈ హెచ్10 పట్టీ చెడిపోయిందని తిరిగిచ్చేయకండి, అది నిజమే చెబుతోంది.

సైకిల్ మీద ఒంటి బరువు సీటు మోస్తుంది, పనంతా తొడలదే. పరుగులో ప్రతి అడుగుకీ ఒళ్లంతా లేపాలి, చేతులూ నడుమూ ఊరుకోవు. ఎక్కువ కండ కదిలితే ఎక్కువ రక్తం కావాలి. పైగా సైకిల్ మీద గుండె తన పైహద్దు చేరకముందే తొడలు మొరాయిస్తాయి. అందుకే చాలామందికి సైకిల్ మీద గుండె గరిష్ఠ వేగం నిమిషానికి 5 నుంచి 10 వరకు తక్కువ. సైక్లింగ్‌లో బాగా ఆరితేరినవాళ్లలో ఈ తేడా తగ్గుతుంది. మన తీరంలో ఉక్కపోత ఇంకో మెలిక. సైకిల్ మీద గాలి చెమటను ఆరుస్తుంది, పరుగులో ఆ సుఖం లేదు. ఒంట్లో నీరు తగ్గేకొద్దీ అదే వేగానికి గుండె మెల్లగా పైకి పాకుతుంది.

ఇంత చిన్న తేడాలు పట్టాలంటే మణికట్టు వాచీ చాలదు. పరుగులో అది అడుగుల లయనే గుండె లయ అనుకుని 170 దగ్గర అతుక్కుపోవచ్చు. సైకిల్ మీద హ్యాండిల్ పట్టు, గతుకుల అదురు లెక్కను చెడగొడతాయి. హెచ్10 గుండె విద్యుత్ సంకేతాన్నే పట్టుకుంటుంది. బ్లూటూత్, యాంట్ ప్లస్ (క్రీడా పరికరాలు వాడే వైర్‌లెస్ పద్ధతి) రెండూ ఉన్నాయి కాబట్టి సైకిల్ కంప్యూటర్‌కీ వాచీకీ ఒకేసారి పంపుతుంది.

తడి లేకపోతే మాత్రం పనిచేయదు. కట్టుకునే ముందు లోపలివైపు ఎలక్ట్రోడ్లు నీళ్లతో తడపాలి. పొడిగా కట్టుకుంటే మొదటి పది నిమిషాలు 200 దాటిన పిచ్చి అంకెలు రావచ్చు. రొమ్ము కండరాల కిందుగా, జారనంత బిగువుగా కట్టాలి. దిగుడులో వదులు జెర్సీ గాలికి కొట్టుకున్నా అంకె ఎగురుతుంది, బిగుతు జెర్సీ వేస్తే సరి.

అసలు పొరపాటు ఆ తర్వాత జరుగుతుంది. 220 లోంచి వయసు తీసేసి, దాన్నిబట్టి వచ్చిన జోన్లనే (తేలిక నుంచి కష్టం దాకా గుండె వేగపు మెట్లు) రెండిటికీ వాడేస్తారు. దాంతో సైకిల్ మీద 'తేలిక' రోజు తేలికగా ఉండదు. పరుగుకొకటి, సైకిల్‌కొకటి వేరుగా పరీక్ష పెట్టుకోండి: బాగా వేడెక్కాక 30 నిమిషాలు నిలకడగా, చేతనైనంత గట్టిగా. చివరి 20 నిమిషాల సగటు మీ థ్రెషోల్డ్‌కు, అంటే ఎక్కువసేపు నిలబెట్టుకోగల గట్టి శ్రమ హద్దుకు, దగ్గర. జోన్లను దాన్నిబట్టే వేసుకోండి. రెండు పరీక్షల మధ్య కనీసం రెండు రోజులు విశ్రాంతి ఇవ్వండి. పరుగుకు మైదానం చాలు. సైకిల్‌కు బరంపురం ఊళ్లో కుదరదు, బ్రేకు పడ్డప్పుడల్లా సగటు పడిపోతుంది. తప్తపాణి వైపు ఎక్కుడు రోడ్డు మేలు. ఇంట్లో సైకిల్‌ను కదలకుండా బిగించి తొక్కే ట్రైనర్ మీదైతే ఎదురుగా ఫ్యాను తప్పనిసరి, లేదంటే వేడికి పెరిగిన అంకెనే థ్రెషోల్డ్ అనుకుంటారు. గోపాలపూర్ రోడ్డు మామూలు రోజులకు బాగుంటుంది: సముద్రం నుంచి ఎదురుగాలి వీస్తే వేగం వదిలేసి గుండె అంకెను పట్టుకోండి.

రెండు క్రీడలూ చేసేవాళ్లకు ఇది కొనదగ్గదే. నడకకు మాత్రం దండగ, వాచీ చాలు. పని అయ్యాక సెన్సర్ బిళ్లను పట్టీ నుంచి విప్పి విడిగా పెట్టండి, చెమట తడికి అది మేలుకునే ఉండి బ్యాటరీని తాగేస్తుంది. పట్టీని ప్రతిసారీ నీళ్లలో జాడించండి, ఉప్పు పేరుకుంటే సంకేతం పోతుంది. బ్యాటరీ సీఆర్2025. దుకాణాల్లో తరచుగా చేతికిచ్చే సీఆర్2032 మందం, మూత పట్టదు. అసలుదే రెండు కొని దగ్గర పెట్టుకోండి.