మియాటాకు అల్యూమినియం రేడియేటర్: కొన్ని వేసవులు వాడిన తర్వాత

డాలస్‌లో 2002 నాటి మాజ్దా మియాటా అనే చిన్న స్పోర్ట్స్ కారును రోజూ నడుపుతూ, వీలు చిక్కినప్పుడల్లా ఫోర్ట్‌వర్త్‌కు నైరుతిన క్రెసన్‌లో ఉన్న మోటార్‌స్పోర్ట్ ర్యాంచ్ ట్రాక్‌కు తీసుకెళ్లే నాకు, కంపెనీ రేడియేటర్‌ను తీసేసి పూర్తి అల్యూమినియం రేడియేటర్ వేసుకోక తప్పలేదు. ఇంజన్‌ను చల్లగా ఉంచడంలో దానికి వంక పెట్టలేను. నా కోపమంతా దాని గొప్పతనంగా చెప్పి అమ్మే వెల్డింగ్ ట్యాంకు మీదే, అంటే రేడియేటర్‌కు పైన, కింద కూలెంట్ (ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం) నిలిచే పెట్టె మీదే.

పాత రేడియేటర్ ఉన్నంతకాలం ట్రాక్ మీద ఒక సెషన్ ముగిసేసరికి కూలెంట్ 110 డిగ్రీల సెల్సియస్ దాకా ఎగబాకేది. కారు కంప్యూటర్ లెక్కలు చూపే ఓబీడీ పోర్టుకు రీడర్ తగిలించి ఫోనులో చూస్తే తప్ప ఆ సంగతి తెలిసేది కాదు, ఎందుకంటే ఈ కారు డ్యాష్‌బోర్డు మీద ముల్లు చాలా డిగ్రీల తేడా వరకు నడిమధ్యనే నిలిచి ఉండి, పరిస్థితి చేయి దాటబోయేటప్పుడే పైకి లేస్తుంది. ఇనుప బ్లాకు మీద అల్యూమినియం హెడ్ (ఇంజన్ పైభాగం) కూర్చున్న ఇంజన్ కాబట్టి, అప్పటికి హెడ్ వంగిపోయినా ఆశ్చర్యపోనక్కరలేదు. కొత్తది వేశాక అదే ట్రాక్ మీద, అదే ఎండలో వంద లోపే నిలకడగా ఉంటోంది. రోడ్డు మీద మామూలు ప్రయాణంలో మాత్రం తేడా ఏమీ కనిపించదు. అక్కడ ఉష్ణోగ్రతను నిర్ణయించేది, వేడెక్కాకే కూలెంట్‌ను రేడియేటర్‌లోకి వదిలే థర్మోస్టాట్ కనుక, ఎంత పెద్ద రేడియేటర్ పెట్టినా అది తెరుచుకునే స్థాయి కంటే కిందికి దిగదు.

కోర్, అంటే కూలెంట్ పారే గొట్టాలు, వాటి మధ్య ఫిన్లనే పల్చటి రేకులు ఉన్న నడిమి భాగం మందం విషయంలో నేను 36 మిల్లీమీటర్లతో సరిపెట్టుకున్నాను. యాభై మిల్లీమీటర్లు దాటినవి కూడా దొరుకుతాయి గానీ, కోర్ మందమయ్యే కొద్దీ, ఫిన్లు దగ్గరయ్యే కొద్దీ గాలి దూరడం కష్టమవుతుంది. ముందు ఏసీ కండెన్సర్ (ఏసీ వేడిని బయటికి వదిలే జాలీ) అడ్డంగా ఉండి, సిగ్నళ్ల దగ్గర ఫ్యాను గాలి మీదే ఆధారపడే కారులో ఆ మందం భారమే అవుతుందని నా అభిప్రాయం. ముందు నోటిలోంచి వచ్చే గాలి పక్కల సందుల్లోంచి జారిపోకుండా రేడియేటర్ చుట్టూ ఫోమ్ పట్టీలు అతికించడం వల్ల నాలుగైదు డిగ్రీలు తగ్గాయి. అంత తక్కువ ఖర్చుతో అంత ఫలితం వస్తుందని నేను అనుకోలేదు.

ఇక అసలు విషయానికి వస్తాను. రెండో వేసవి చివర్లో, కారు ఆపి దిగిన ప్రతిసారీ బానెట్ వైపు నుంచి కూలెంట్ తియ్యటి వాసన సన్నగా తగిలేది, కానీ కింద నేల మీద చుక్క కూడా ఉండేది కాదు. రిజర్వాయర్‌లో మట్టం వారం వారం కొద్దికొద్దిగా దిగుతోంది. హోసులు, క్లాంపులు, వాటర్ పంపు అన్నీ చూశాను. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు మూత స్థానంలో చేతిపంపు టెస్టర్ బిగించి ఒత్తిడి పెడితే దాని ముల్లు గంటసేపు ఉన్నచోటనే ఉంది. చివరకు టెస్టర్‌ను అలాగే ఉంచి ఇంజన్ స్టార్ట్ చేసి, రెండు ఫ్యాన్లూ వెంటనే తిరిగేలా ఏసీ వేశాను. కాసేపటికి ముల్లు నెమ్మదిగా పడసాగింది. టార్చి పట్టుకుని, పై ట్యాంకు అంచు వెంట టిష్యూ కాగితాన్ని అద్దుతూ పోతే, ఫ్యాను బిగించే బ్రాకెట్‌ను ట్యాంకుకు వెల్డింగ్ చేసిన మూలలో కందిగింజంత తడి మచ్చ పడింది. తుడిచి చూస్తే వెల్డింగ్ అంచు వెంటే వెంట్రుకంత చీలిక ఉంది.

కారణం ఊహించడం కష్టం కాదు. వెల్డింగ్ వేడి తగిలిన చోట అల్యూమినియం మెత్తబడి బలం తగ్గుతుంది. పైగా ఉక్కులా కాక, చిన్న అదురే అయినా ఏళ్ల తరబడి పడుతూ ఉంటే అది ఎప్పుడో ఒకప్పుడు చీలక మానదు. అటువంటి చోట ఫ్యాను బరువును, అదురును నేరుగా బోల్టుతో బిగించడం తయారీదారు చేసిన పని. కంపెనీ రేడియేటర్ ప్లాస్టిక్ ట్యాంకును అందరూ తిట్టిపోస్తారు, నేనూ తిట్టినవాణ్ణే. అయితే అది చెడిపోయే ముందు నలుపు నుంచి ఆకుపచ్చ కలిసిన గోధుమరంగుకు తిరిగి, నన్ను మార్చమని ఏడాది ముందే చెబుతుంది. ఈ వెండి రంగు ట్యాంకు మాత్రం చీలిన రోజున కూడా కొత్తదానిలా మెరుస్తూనే ఉంది.

జీవితకాల వారంటీ ఉంది కదా అని అడిగితే, ట్రాక్ మీద వాడిన కారుకు అది వర్తించదన్నారు. నేను వెళ్లిన మొదటి వెల్డర్, లోపల కూలెంట్ చెమ్మ మిగిలితే అతుకులో బుడగలు వస్తాయని చెప్పి పని ఒప్పుకోలేదు. రెండో అతను కోర్‌ను పలుమార్లు కడిగించి, ఆరబెట్టి, చీలిక చివరల దాకా గాడి తీసి టిగ్ వెల్డింగ్ చేశాడు. తిరిగి బిగించేటప్పుడు ఫ్యాను బ్రాకెట్ల దగ్గర అదురు తగ్గించే రబ్బరు గ్రోమెట్లు (ఉంగరాలు) పెట్టాను. అప్పటి నుంచి మట్టం తగ్గలేదు.

ఇంతకుముందు మిత్రులకు దీన్ని ‘ఒకసారి వేస్తే ఇక చూడనక్కరలేదు’ అని సిఫారసు చేసేవాణ్ణి. ఇప్పుడు, చూస్తూ ఉంటేనే వేసుకోమంటున్నాను. కారును ట్రాక్ ఎక్కించనివారికి ఇందులో సగం ధరకు దొరికే ప్లాస్టిక్ ట్యాంకు రేడియేటర్ చాలు. దాన్ని కొన్నేళ్లకొకసారి మార్చుకుంటే సరిపోతుంది. టర్బో వేసుకున్నవారికి 36 మిల్లీమీటర్లు చాలుతుందో లేదో నా అనుభవంతో చెప్పలేను, నా ఇంజన్‌కు టర్బో లేదు. నా మటుకు నేను, ట్రాక్‌కు వెళ్లడం మానేదాకా ఈ రకాన్నే వాడతాను. కాకపోతే మళ్లీ కొనవలసి వస్తే, డబ్బు కట్టే ముందు ఫ్యాను బ్రాకెట్ ట్యాంకుకు అతికిందా, పక్క చట్రానికి అతికిందా అన్నది ఫొటో పెద్దది చేసి చూస్తాను.